నాలుగో సున్నా

పరవాడలో మా మందుల కంపెనీలో
సంతోషం కొలిచే పని నాది.
హైదరాబాదు నుంచి కాగితాలొచ్చాయి.
ఇరవై ఆరు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకీ ఐదు సున్నాలు.
ఒకటంటే అస్సలు లేదు, ఐదంటే పూర్తిగా ఉంది.
పెన్సిల్‌తో సున్నా నింపాలి, గీత దాటకూడదు,
పేరు రాయకూడదు.

పేరు రాయకపోయినా నాకు తెలిసిపోతుంది.
రెండో బ్లాకు కాగితాలకి అసిటోన్ వాసన,
ప్యాకింగువాళ్లవి గ్లౌజుల పొడికి చేతిలోంచి జారుతుంటాయి,
బాయిలర్ దగ్గరివి చెమటకి తడిసి, ఆరి,
వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగి వస్తాయి.

"ఐదు వెయ్యొచ్చు కదా తవిటమ్మా?"
"అయిదేస్తే ఇంకేటి కావాల్నీకు అంటారమ్మా.
మూడేస్తే పిలిసి ఏటైందనడుగుతారు.
నాలుగేస్తే ఎవులూ అడగరు."
ఆ మాట ఎవరు ఎవరికి మోశారో గానీ
షిఫ్టు మారేలోగా ప్లాంటంతా నాలుగే.

ప్రశ్న తొమ్మిది: గత వారం పనిచోట ఎన్నిసార్లు నవ్వారు?
"మాస్కులో నవ్వితే లెక్కలోకొస్తాదా?" అని
గనగళ్ల ముసలయ్య కళ్లు చిన్నవి చేశాడు.
నవ్వాడనే అనుకుంటున్నాను.
ప్రశ్న పద్నాలుగు: పని వాతావరణం హాయిగా ఉందా?
ఆయనకి వాసన తెలియడం మానేసి నాలుగేళ్లట.
"ఇప్పుడు హాయే గదమ్మా. మా ఇంటిదాన్నడగాల.
నేను సందు మొగకొస్తేనే తెలిసిపోద్దంట దానికి."

గేటు దగ్గర ఒక నల్లబోర్డు.
ప్రమాదం లేని రోజులు అని పెయింటుతో,
పక్కన అంకె మాత్రం సుద్దముక్కతో.
ఆ మంగళవారం నాలుగు వందల పదకొండు.
బుధవారం పొద్దున్నే సెక్యూరిటీ సన్యాసి
తడిగుడ్డ కోసం వెతికాడు, దొరకలేదు,
చొక్కా చేత్తోనే తుడిచి సున్నా పెట్టాడు.
సాయంత్రం దాకా ఆ చొక్కా చెయ్యి తెల్లగానే ఉంది.

కాగితాలు వెనక్కి తీసుకోవాల్సింది గురువారం.
వాయిదా వేద్దామని అడిగాను.
తేదీ మన చేతుల్లో లేదన్నారు.

ప్రశ్న ఇరవై: మీ పక్కన పనిచేసేవారు మిమ్మల్ని పట్టించుకుంటారా?
మూడో రియాక్టర్ దగ్గరి కాగితం.
ఐదో సున్నా నింపి ఉంది,
నొక్కి నొక్కి, అవతలివైపు గుచ్చుకునేలా.
అచ్చులో ఉన్న ఆఖరి మాట కొట్టేసి
కింద వంకర అక్షరాలతో
పట్టించుకునేవోడు.

మిషన్ సున్నాలనే చదువుతుంది.
అక్షరం కనబడితే మరక అనుకుంటుంది.
ఐదు అని తీసుకుంది.
సగటు వెంట్రుకవాసి పెరిగింది.

నాలుగు పాయింట్ ఒకటి.
సారు గాజువాక నుంచి కేకు తెప్పించారు,
దాని మీద కూడా అదే అంకె, ఎర్ర క్రీముతో,
చుక్క ఉండాల్సిన చోట చెర్రీ పండు.
నా ముక్క టిఫిన్ మూతలో పెట్టుకుని
ఐదున్నర బస్సెక్కాను.

నా కాగితం నేనింకా నింపలేదు.
పెన్సిల్ బ్యాగులోనే ఉంది.
లంకెలపాలెం గుంతల్లో సున్నాలు ఎలాగూ కుదరవు.

ముందు సీట్లో కొత్త కుర్రాడెవడో,
రెండు డ్యూటీలు కలిపి చేసినట్టున్నాడు,
కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.
గుంత వచ్చినప్పుడల్లా తల అద్దానికి కొట్టుకుంటోంది.
పక్కనున్నాయన ఫోన్ చూస్తూనే,
ఇటు తిరగను కూడా తిరగకుండా,
వాడి వెనగ్గా చెయ్యి చాపి
అద్దానికీ ఆ తలకీ మధ్య అరచెయ్యి పెట్టాడు.

కూర్మన్నపాలెం దాటింది.
స్టీల్‌ప్లాంటు గొట్టాల పొగ వెనకబడింది.
మధ్యలో ఒకసారి వేళ్లు ఆడించుకున్నాడు, అంతే.

ఆయన రోజూ దిగేది గాజువాకలో.
బస్సు ఆగింది, కదిలింది.
దిగలేదు.